మంత్రిని ఏమని అడిగించాలి? సాగు సమస్యలు, కోర్టు కేసులపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటిని ఈసారి ఒక్కచోట చేర్చాము. అన్నీ రైతుకు సంబంధించినవే, అన్నీ చట్టసభలో మంత్రి ఇచ్చే జవాబు చుట్టూ తిరిగేవే. పేర్లు ప్రచురించవద్దని కొందరు కోరినందున ఎవరి పేరూ ఇవ్వడం లేదు.

ప్రశ్న (దేవరకొండ ప్రాంతపు పత్తి రైతు): నాలుగు ఎకరాల్లో పత్తి పెట్టాను. చెట్టు నడుమెత్తు పెరిగింది గానీ గూడ, పూత రాలిపోయి కాయ నిలవలేదు. వ్యవసాయాధికారులు చేను చూసి వెళ్లారు, విత్తనాలు అమ్మిన దుకాణదారుపై కేసు పెట్టారు. రెండేళ్లు దాటినా ఆ కేసు ఏమైందో తెలియదు. పార్లమెంటులో అడిగించమని ఎంపీ గారి కార్యాలయానికి వెళ్తే, వ్యవసాయమూ పోలీసులూ రాష్ట్రం కిందికి వస్తాయి కాబట్టి అలాంటి ప్రశ్న తీసుకోరని చెప్పి పంపించారు. ఇది నిజమేనా?

జవాబు: వారు చెప్పింది కొంతవరకే నిజం. రాజ్యాంగం 7వ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో శాంతిభద్రతలు 1వ అంశంగా, పోలీసు 2వ అంశంగా, వ్యవసాయం 14వ అంశంగా ఉన్నాయి. ప్రధానంగా కేంద్ర ప్రభుత్వానికి సంబంధించని విషయం మీద గానీ, కోర్టు విచారణలో ఉన్న విషయం మీద గానీ ప్రశ్న వేయరాదని లోక్‌సభ నియమావళి చెబుతోంది. అందువల్ల 'ఫలానా మండలంలో ఫలానా దుకాణంపై పెట్టిన కేసు ఏమైంది' అని అడిగితే ఆ నోటీసును తిరస్కరిస్తారు.

అయితే మీ చేనులో జరిగిన నష్టం వెనుక ఉన్న చట్టాలు రాష్ట్రం చేసినవి కావు. 1966 నాటి విత్తన చట్టం పార్లమెంటు చేసినది. 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వును కేంద్రమే నిత్యావసర సరకుల చట్టం కింద జారీ చేసింది. ఆ విత్తన చట్టం ప్రకారం మొదటిసారి నేరం రుజువైతే పడే శిక్ష 500 రూపాయల వరకు జరిమానా మాత్రమే. అదే వ్యక్తి మళ్లీ దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కేంద్రం 2024లో ఒక్క బీటీ-2 పత్తి విత్తన ప్యాకెట్‌కు నిర్ణయించిన గరిష్ఠ ధరే 864 రూపాయలు. రైతు కొన్న ఒక్క ప్యాకెట్ ధరకు కూడా సరిపోని జరిమానాను దాదాపు అరవై ఏళ్లుగా చట్టంలో ఉంచడం అన్యాయం. దీనికి జవాబు చెప్పవలసింది కేంద్ర వ్యవసాయ మంత్రే. 2004లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన విత్తన బిల్లు చట్టం కాలేదు. పైగా 1966 చట్టంలోని నాణ్యతా నిబంధనలు నోటిఫై చేసిన, అంటే ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన రకాలకే వర్తిస్తాయి. ప్రైవేటు సంకర రకాలు చాలావరకు ఆ పరిధిలోకి రావు కనుక, వాటి విషయంలో 1983 ఉత్తర్వే ఆధారమవుతోంది. ఇవన్నీ ఢిల్లీలో అడగదగిన ప్రశ్నలే.

కాబట్టి మీ ఎంపీ గారికి ఇచ్చే వినతిపత్రంలో మీ కేసు గురించి మాత్రమే రాయకుండా, దాని నుంచి పుట్టే ప్రశ్నను కూడా రాసి ఇవ్వండి. ప్రశ్న సాధారణంగా 150 పదాలు మించకూడదు. ఉదాహరణకు ఇలా ఉండవచ్చు:

'వ్యవసాయ, రైతు సంక్షేమ శాఖ మంత్రి ఈ కింది విషయాలు తెలియజేస్తారా? (ఎ) గత మూడేళ్లలో విత్తన చట్టం కింద, విత్తన నియంత్రణ ఉత్తర్వు కింద పరీక్షకు పంపిన పత్తి విత్తన నమూనాలెన్ని, ప్రమాణాలకు తగ్గినవెన్ని, రాష్ట్రాలవారీగా. (బి) వాటిలో కోర్టు దాకా వెళ్లినవెన్ని, శిక్ష పడినవెన్ని, కొట్టివేసినవెన్ని, పెండింగులో ఉన్నవెన్ని. (సి) 1966 చట్టంలోని జరిమానాను పెంచే ప్రతిపాదన ప్రభుత్వం వద్ద ఉన్నదా. (డి) ఉంటే ఆ వివరాలు, లేకుంటే అందుకు కారణాలు ఏమిటి?'

ఇందులో 'నకిలీ విత్తనాల వల్ల రైతులు నష్టపోతున్న విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా' అన్న వాక్యం లేదని గమనించండి. మన సభ్యుల ప్రశ్నల్లో తరచుగా కనిపించే ఆ వాక్యమే మంత్రికి తప్పించుకునే దారి ఇస్తుంది. 'లేదు' అని ఒక్క మాట రాసి, మిగిలిన భాగాలన్నింటికీ కలిపి 'ప్రశ్నే ఉత్పన్నం కాదు' అని ముగించడానికి వీలవుతుంది. 2021 నవంబరు 30న లోక్‌సభలో జరిగింది ఇలాంటిదే. సాగు చట్టాల వ్యతిరేక ఉద్యమంలో చనిపోయిన రైతుల గురించి, వారి కుటుంబాలకు సాయం గురించి సభ్యులు అడిగితే, ఆ విషయమై తమ వద్ద ఎలాంటి రికార్డూ లేదని, అందువల్ల సాయం ప్రశ్నే తలెత్తదని వ్యవసాయ శాఖ రాతపూర్వకంగా జవాబిచ్చింది. ఆ జవాబు రైతు కుటుంబాలను ఎంత బాధపెట్టిందో వేరుగా చెప్పనక్కరలేదు. దశలవారీగా లెక్క అడిగితే శాఖ ఏదో ఒక అంకె ఇవ్వవలసి వస్తుంది. అంకె ఇవ్వలేకపోతే ఏ దశ దగ్గర లెక్క లేదో దానితోనే బయటపడుతుంది.

మిగతా సగం హైదరాబాదులో అడిగించాలి. విత్తన ఇన్‌స్పెక్టర్లను నియమించేది, కోర్టులో కేసు నడిపేది రాష్ట్రమే. నల్లగొండ జిల్లాలో ఎన్ని నమూనాలు తీశారు, కోర్టుల్లో ఎన్ని ప్రాసిక్యూటర్ పోస్టులు ఖాళీగా ఉన్నాయి, విచారణ ఎన్ని కేసుల్లో పూర్తయింది అన్నవి మీ ఎమ్మెల్యే గారు శాసనసభలో వ్యవసాయ, హోం శాఖల మంత్రులను అడగదగినవి. మీ నష్టపరిహారం మాత్రం ఈ జవాబుల కోసం ఆగనక్కరలేదు. విత్తన చట్టం ఉన్నప్పటికీ రైతు వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని, కొన్న విత్తనమంతా చేనులో వేసే రైతు పరీక్ష కోసం కొంత దాచి ఉంచాలని ఆశించడం సరికాదని సుప్రీంకోర్టు 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే తీర్పు చెప్పింది. బిల్లు, లాట్ నంబరు ఉన్న ఖాళీ ప్యాకెట్, అధికారులు చేను చూసి రాసిన నివేదిక నకలు భద్రంగా ఉంచుకోండి.

ప్రశ్న (మిర్యాలగూడ): యాసంగి వడ్ల కొనుగోలుపై కేంద్ర వ్యవసాయ మంత్రిని ఎందుకు నిలదీయడం లేదని మేము మా ఎంపీ గారిని అడిగితే, ఆ ప్రశ్న వేరే శాఖకు వెళ్లిందని చెప్పారు. వడ్ల సంగతి వ్యవసాయ శాఖది కాకుండా ఎలా ఉంటుంది? 'నక్షత్ర గుర్తు' ప్రశ్న అంటే ఏమిటి?

జవాబు: మీ ఎంపీ గారు చెప్పింది సరైనదే. రైతు ఒక్కడే అయినా ఢిల్లీలో అతని సమస్యలు అనేక శాఖల మధ్య పంచబడి ఉన్నాయి. వడ్లు, బియ్యం సేకరణ, భారత ఆహార సంస్థ ఆహార, ప్రజాపంపిణీ శాఖ కిందికి వస్తాయి. పత్తి కొనే భారత పత్తి సంస్థ (సీసీఐ) జౌళి శాఖది, యూరియా రసాయనాలు–ఎరువుల శాఖది, పంట రుణాలు ఆర్థిక శాఖవి, కృష్ణా జలాలు జలశక్తి శాఖవి. శాఖ తప్పుగా రాసిన ప్రశ్నను సరైన శాఖకు బదిలీ చేస్తారు గానీ, ఒక్కో శాఖకు వారంలో ఒక్కో రోజు కేటాయించి ఉంటుంది కనుక ఈలోగా రోజులు గడిచిపోతాయి. 2021–22లో ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్రం చెప్పినప్పుడు అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడిన వారిలో మీ మిర్యాలగూడ మిల్లర్లు, ఆ మిల్లులనే నమ్ముకున్న రైతులు ఉన్నారు. యాసంగి వడ్లను ఎండల వల్ల పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువవుతుందన్న మాటను వినిపించవలసింది ఆహార శాఖ మంత్రికే.

నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, సభ్యులు వెంటనే అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబును సభ ముందు ఉంచుతారు, అంతటితో సరి. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 గుర్తు లేనివి జాబితాలో ఉంటాయి. రాజ్యసభలో ఆ సంఖ్యలు 15, 160. 20 ప్రశ్నలున్నా గంటలో కొన్ని మాత్రమే నోటి జవాబు దాకా వస్తాయి. పత్రికల్లో 'మంత్రి పార్లమెంటులో చెప్పారు' అని వచ్చే వార్తల్లో చాలావరకు ఈ రాత జవాబులే.

నోటి జవాబు విలువ ఎంతో తెలియాలంటే 2020 సెప్టెంబరు సమావేశాలను గుర్తు చేసుకోవాలి. కోవిడ్ కారణంగా ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్ని తీసివేసి, రాత జవాబులకే పరిమితం చేశారు. మూడు సాగు చట్టాలు ఆ సమావేశాల్లోనే ఆమోదం పొందాయి. మంత్రిని ఎదురుగా నిలబెట్టి అనుబంధ ప్రశ్న వేసే అవకాశం అప్పుడే లేకుండా పోయింది. ఆ చట్టాలను రద్దు చేసే బిల్లు 2021 నవంబరు 29న చర్చ లేకుండానే రెండు సభల్లోనూ ఆమోదం పొందింది. చట్టం వచ్చినప్పుడూ, పోయినప్పుడూ రైతు తరఫున అడిగే గొంతుకు చోటు దొరకలేదన్నదే నా బాధ.

ప్రశ్న (జడ్చర్ల): వడ్లు కొనాలని రోడ్డు మీద, రైలు పట్టాల మీద కూర్చున్నందుకు మా ఊరి రైతులపై కేసులు పెట్టారు. కేసులు ఎత్తివేస్తామని నాయకులు చెప్పారు. అయినా వాయిదాలకు తిరుగుతూనే ఉన్నాము. ప్రభుత్వం ఎత్తివేశాక కూడా కేసు ఎలా నడుస్తుంది?

జవాబు: ప్రభుత్వ ప్రకటనతో కేసు ముగియదు. ఛార్జిషీటు వేసిన తర్వాత దానిని ఉపసంహరించుకోవాలంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టులో దరఖాస్తు చేయాలి, కోర్టు సమ్మతించాలి. పాత నేర విచారణ స్మృతిలో ఇది 321వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 360వ సెక్షను. బాధితులుంటే వారి మాట వినకుండా ఉపసంహరణకు అనుమతించరాదన్న షరతును కొత్త చట్టంలో చేర్చారు. ప్రాసిక్యూటర్ పై నుంచి వచ్చిన ఉత్తర్వును కోర్టుకు చేరవేసి ఊరుకోకూడదు, తన బుద్ధితో ఆలోచించి నిర్ణయించాలని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది. అభియోగాలు నమోదు కాకముందు ఉపసంహరిస్తే నిందితులను విడుదల చేస్తారు. ఆ తర్వాత ఉపసంహరిస్తే నిర్దోషులుగా ప్రకటిస్తారు. రైతుకు ఈ తేడా ముఖ్యమైనది కనుక కోర్టు ఉత్తర్వు నకలు తప్పక తీసుకోండి.

మీ ఊరి విషయంలో రెండు రకాల కేసులు ఉన్నట్టున్నాయి. రోడ్డు మీద కూర్చున్నందుకు పోలీసులు పెట్టిన కేసుపై రాష్ట్రం నిర్ణయం తీసుకోవచ్చు. పట్టాల మీద కూర్చున్నందుకు రైల్వే చట్టం కింద పెట్టిన కేసు అలా కాదు, అది కేంద్ర పరిధిలోని చట్టం కనుక కేంద్రం అనుమతి లేకుండా రాష్ట్ర ప్రాసిక్యూటర్ ఉపసంహరణ కోరలేరు. తెలంగాణ ఉద్యమ కాలపు రైల్‌రోకో కేసులు రాష్ట్రం ఏర్పడిన తర్వాత కూడా ఏళ్ల తరబడి నడవడాన్ని మనం చూశాము. అందుచేత ముందుగా ఛార్జిషీటులో ఏ చట్టం, ఏ సెక్షను రాశారో మీ వకీలును అడిగి తెలుసుకోండి. రోడ్డు కేసులపై ఎమ్మెల్యే ద్వారా శాసనసభలో అడిగించండి. 'ఉపసంహరణకు జీవో ఇచ్చారా' అని మాత్రమే అడిగితే చాలదు. ఎన్ని కేసుల్లో ప్రాసిక్యూటర్ దరఖాస్తు వేశారు, ఎన్నింటిలో కోర్టు అనుమతించింది, ఎన్నింటిలో నిరాకరించింది అని అడిగించండి. రైలు కేసులపై రైల్వే, హోం శాఖల మంత్రులను ఎంపీ ద్వారా అడిగించండి. 2021 డిసెంబరు 9న కేంద్ర వ్యవసాయ కార్యదర్శి, సాగు చట్టాల వ్యతిరేక ఉద్యమం నడిపిన రైతు సంఘాల వేదిక సంయుక్త కిసాన్ మోర్చాకు రాసిన లేఖలో, ఢిల్లీలోనూ కేంద్ర సంస్థల పరిధిలోనూ ఉద్యమకారులపై ఉన్న కేసుల ఉపసంహరణకు అంగీకారం తెలిపారు. అక్కడ అంగీకరించినది పాలమూరు రైతుకు ఎందుకు వర్తించదని అడగడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న (నాగర్‌కర్నూల్, న్యాయశాస్త్ర విద్యార్థిని): బ్రిటన్‌లో ప్రాసిక్యూషన్లపై కామన్స్ సభలో అటార్నీ జనరల్‌ను అడుగుతారని చదివాను. మన దగ్గర ఎవరిని అడగాలమ్మా?

జవాబు: ఇంగ్లండ్, వేల్స్‌లలో కోర్టుల్లో నేర కేసులు నడిపేందుకు 1986 నుంచి పనిచేస్తున్న క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీసుపై పర్యవేక్షణ అటార్నీ జనరల్‌ది. ఆయన ప్రభుత్వంలో భాగం కనుక సభకు జవాబుదారీ. మన అటార్నీ జనరల్‌కు 88వ అధికరణం కింద రెండు సభల్లోనూ మాట్లాడే హక్కు ఉన్నా, ఓటు లేదు, ఆయన మంత్రి కాదు, ప్రశ్నోత్తరాల్లో జవాబు చెప్పరు. ఇక్కడ ప్రాసిక్యూషన్‌కు ఒకే యజమాని లేరు. సీబీఐ కేసుల గురించి సిబ్బంది వ్యవహారాల శాఖను, ఈడీ కేసుల గురించి ఆర్థిక శాఖను, నేర చట్టాల గురించి హోం శాఖను, జిల్లా కోర్టుల్లోని పబ్లిక్ ప్రాసిక్యూటర్ల గురించి రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగాలి.

ప్రశ్న (గద్వాల): 'సమాచారం సేకరిస్తున్నాము' అని మంత్రి చెప్పి ఊరుకుంటే మేము చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. 'సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాము' అన్న మాటను సభ హామీగా పరిగణిస్తుంది. దానిని మూడు నెలల్లో నెరవేర్చాలి. అలా జరుగుతున్నదో లేదో చూడడానికి రెండు సభల్లోనూ ప్రభుత్వ హామీల కమిటీలు ఉన్నాయి, లోక్‌సభ కమిటీ 1953 నుంచి పనిచేస్తోంది. సన్సద్.ఇన్ వెబ్‌సైటులో శాఖ పేరుతో, సభ్యుని పేరుతో, తేదీతో పాత జవాబులన్నీ వెతకవచ్చు. విత్తన పత్తి పండించే మీ జిల్లా గురించి ఇదివరకు వేసిన ప్రశ్నలను ముందు అక్కడ చూసి, జవాబు రానిదాని నంబరును, తేదీని రాసుకోండి. మూడు నెలలు దాటితే ఆ నంబరుతోనే ఎంపీ గారికి ఉత్తరం రాసి, విషయాన్ని హామీల కమిటీ దృష్టికి తీసుకువెళ్లమని కోరండి. తర్వాతి సమావేశాలకు అదే విషయంపై కొత్త నోటీసు ఇవ్వాలనుకుంటే కనీసం 15 పూర్తి రోజుల గడువు కావాలి కనుక, సమావేశాల తేదీలు ప్రకటించిన వెంటనే ఆ ఉత్తరం వారి చేతికి చేరేలా చూడండి.