ఇంటర్‌సెప్టర్ 650 వెనక భాగం దించాలా? లుక్ వేరు, హ్యాండ్లింగ్ వేరు

మీ బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, మీ ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. వెనక పొట్టి షాకప్స్ వేసి అంగుళంన్నర దించితే బాబర్ లుక్ (వెనక కిందికి, తోక పొట్టిగా ఉండే స్టైల్) వస్తుందని, మలుపుల్లో బండి రోడ్డుకు అతుక్కుపోతుందని షాపతను చెప్పాడు. చేయించాలా వద్దా అన్నది మీ ప్రశ్న. లుక్ సంగతి నిజమే. రెండోది మాత్రం తిరగేసి చెప్పాడు. నా దగ్గరా ఇదే బండి ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ బండికి ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాలు) వాలు 24 డిగ్రీలు, ట్రెయిల్ (హ్యాండిల్ తిరిగే ఇరుసు గీత నేలను తాకే చోటుకీ, ముందు టైరు నేలను తాకే చోటుకీ మధ్య దూరం) 105.5 మి.మీ., వీల్‌బేస్ (రెండు చక్రాల యాక్సిల్‌ల మధ్య దూరం) 1,400 మి.మీ. వెనక 38 మి.మీ. దించారంటే బండి మొత్తం వెనక్కి ఒరుగుతుంది. ఫోర్క్ దాదాపు డిగ్రీన్నర ఎక్కువ వాలుతుంది, నా లెక్కలో ట్రెయిల్ 115 దగ్గరికి పోతుంది. హైవే మీద సూటిగా వెళ్లడానికి ఇబ్బంది లేదు. ఈగలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు దిగే మలుపుల్లో మాత్రం బండిని లోపలికి తిప్పడానికి హ్యాండిల్ మీద బలం పెట్టాల్సి వస్తుంది, అప్పటికీ మలుపు బయటి వైపుకే లాగుతుంది.

అసలు దెబ్బ అది కూడా కాదు. ఈ బండికి వెనక చక్రం పైకీ కిందకీ కదిలేదే 88 మి.మీ. అందులో 38 పోతే మిగిలేది 50. మీరు కూర్చోగానే పాతిక దాకా దిగిపోతుంది, ఇక గుంతకు మిగిలిందెంత? మా బామ్మర్ది తన బండికి ఇలాగే చేయించాడు. వెనక మా చెల్లెలు కూర్చుని కాలనీ స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా కింద టక్కుమని శబ్దం. సీటు తీసి చూస్తే మడ్‌గార్డ్ లోపలి వైపు నల్లగా టైరు రాసుకున్న మరక, ఆ పక్కనే టెయిల్ లైటుకు వెళ్లే వైరు మీద తొడుగు సగం అరిగి రాగి తీగ కనిపిస్తోంది. ఇంకొన్నాళ్లు అలాగే నడిపి ఉంటే రాత్రిపూట ఎక్కడో షార్ట్ అయ్యేది. చూడటానికి మాత్రం బండి అదిరిపోయేది, కాదనను. పైన పటారం లోన లొటారం అంటారే, అదీ వ్యవహారం.

చిన్నచిన్న తిప్పలూ ఉన్నాయి. సైడ్ స్టాండ్ మీద బండి నిటారుగా నిలబడుతుంది, పార్కింగ్‌లో ఎవరైనా కాస్త తగిలితే అవతలి వైపుకు పడిపోతుంది. సెంటర్ స్టాండ్ ఎక్కించడం మరీ కష్టం, ఎందుకంటే బండిని ఇంతకుముందు కంటే ఎక్కువ ఎత్తాలి. చైన్ లూజు మళ్లీ చూసుకోవాలి. హెడ్‌లైట్ వెలుగు పైకి లేస్తుంది, 25 మీటర్ల దూరంలో అర మీటరుకు పైగా. ఎదురొచ్చేవాళ్ల కళ్లలోకే కొడుతుంది.

మరి హ్యాండ్లింగ్ కావాలంటే? ముందు సాగ్ కొలవండి, అంటే మీరు కూర్చుంటే వెనక ఎంత దిగుతుందో; దీనికి రూపాయి ఖర్చు లేదు. వెనక యాక్సిల్‌కు సరిగ్గా పైన, సీటు కింద ప్యానెల్ మీద చిన్న టేపు ముక్క అంటించండి. సెంటర్ స్టాండ్ మీద చక్రం గాల్లో ఉండగా యాక్సిల్ మధ్య నుంచి ఆ టేపు దాకా కొలిచి రాసుకోండి. తర్వాత బండిని కింద పెట్టి, హెల్మెట్, జాకెట్‌తో సహా మీరు కూర్చుని, ఇంకొకరితో మళ్లీ కొలిపించండి. ఒక్కరే కొలుచుకుంటే కుదరదు, వంగగానే బరువు మారిపోతుంది. రెండు కొలతల తేడా 26 నుంచి 30 మి.మీ. మధ్య ఉంటే బాగున్నట్టే, అంటే మొత్తం కదలికలో దాదాపు మూడో వంతు. అంతకంటే ఎక్కువ దిగుతుంటే షాకప్ స్ప్రింగ్‌ను నొక్కి ఉంచే మెట్ల కాలర్‌ను సీ స్పానర్‌తో (కొక్కెంలా వంగిన స్పానర్) ఒక మెట్టు పెంచండి. రెండు వైపులా ఒకే మెట్టులో ఉండాలి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ప్రీలోడ్, అంటే ఆ కాలర్‌తో స్ప్రింగ్‌ను ముందే నొక్కి ఉంచడం, పెంచితే స్ప్రింగ్ గట్టిపడదు. స్ప్రింగ్ అదే, బండి కూర్చునే ఎత్తే మారుతుంది. నేను ఒక్కడినే వెళ్తే రెండో మెట్టు, మా ఆవిడా సామానూ ఉంటే నాలుగోది. వెనక అంత లేచినందుకే బండి మలుపులో ఎంత తేలిగ్గా తిరుగుతుందో ఒక్కసారి చూస్తే మీకే తెలుస్తుంది.

ఇంకా చురుగ్గా కావాలంటే ఫోర్క్ గొట్టాలను వాటిని పట్టి ఉంచే క్లాంపుల్లోంచి 5 మి.మీ. పైకి తీయవచ్చు. ముందు అంతే దిగుతుంది, వాలు 0.2 డిగ్రీలు తగ్గుతుంది. చిన్న అంకెలా ఉన్నా చేతికి తెలుస్తుంది. నేను అక్కడే ఆగాను. 10 దాటించవద్దు, వేగంలో హ్యాండిల్ వణికే అవకాశం ఉంది, పైగా ఫోర్క్ పూర్తిగా దిగినప్పుడు మడ్‌గార్డ్ కింది క్లాంపుకు తగలవచ్చు. బండి సెంటర్ స్టాండ్ మీద ఉండి, ఇంజిన్ కింద చెక్క ముక్క పెట్టి జాకీ ఆనించాకే బోల్టులు వదులు చేయాలి. రెండు గొట్టాలూ సమానంగా వచ్చాయో లేదో వెర్నియర్‌తో చూసి, టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానా) బిగించాలి. అది లేని మెకానిక్ దగ్గర ఈ పని చేయించకండి.

ఇక మీ కాళ్ల సంగతి. సీటు ఎత్తు 804 మి.మీ. అయినా, కాళ్లు అందకపోవడానికి సీటు వెడల్పు కూడా కారణమే. మంచి సీటు పనివాడితో ముందు భాగంలో పక్కలు సన్నగా కోయించి, ఫోమ్ కొంచెం తగ్గించండి. సస్పెన్షన్ ముట్టుకోకుండానే మీ సమస్య సగానికి పైగా తీరుతుంది. లుక్ కోసమైతే వెనక మడ్‌గార్డ్ పొట్టిది వేయండి, నంబర్ ప్లేటు మాత్రం సరిగ్గా కనపడాలి. బాబర్‌లో మీకు నచ్చేది ఆ ఖాళీ తోక భాగమే అని నా అనుమానం.

ఇంత విన్నాక కూడా దించాల్సిందే అంటే 10, 15 మి.మీ.తో ఆపండి, ముందు కూడా దానికి తగ్గట్టు దించండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. మీ బరువు, వెనక కూర్చునేవాళ్ల బరువు ఇక్కడ రాస్తే ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలో చెబుతాను.