ఆక్సిజన్ 86 చూపిస్తున్నా నాన్నగారు ఆయాసం లేదంటున్నారు, మీటర్ తప్పా?

మీ నాన్నగారికి 74 ఏళ్లు, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి సరిగా ఆడనివ్వని దీర్ఘకాలిక జబ్బు) ఉంది, మీటర్‌లో 86 చూపిస్తున్నా హాయిగా కూర్చుని ఉన్నారని రాశారు. ముందు మీటర్ సంగతి తేల్చుకోండి. చేతులు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగు ఉన్నా అంకె తప్పుగా రావచ్చు. చేతులు వెచ్చబడ్డాక ఇంకో వేలికి పెట్టి, అంకె నిలకడగా అయ్యేదాకా చూడండి. అప్పుడూ 86 ఉంటే మీటర్‌నే నమ్మి, ఈరోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి.

ఆయన అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే తెలియడం లేదు. మా అమ్మకూ ఇదే జబ్బు ఉండేది, దగ్గరుండి చూసుకున్నది నేనే. సాచురేషన్ (మీటర్ చూపే రక్తంలోని ఆక్సిజన్ శాతం) పడిపోయిన రోజుల్లో ఆవిడ ఆయాసమని ఒక్కసారీ అనలేదు. అడిగిందే మళ్లీ అడిగేది, ఊరికే విసుక్కునేది, పగలంతా మగతగా ఉండేది. నేను ఆ మార్పులను బట్టే మీటర్ తీసేదాన్ని.

ఎందుకిలా అంటే, మెడలో రెండు పక్కలా కెరోటిడ్ ధమని చీలే చోట బియ్యపు గింజంత కణాల ముద్ద ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే అదే మెదడుకు కబురు పెడుతుంది. ఆక్సిజన్ పీడనం 60 ఎంఎం కిందికి, అంటే సాచురేషన్ సుమారు 90 కిందికి దిగినప్పుడు ఆ కబురు బాగా జోరందుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ ఈ స్పందన మందగిస్తుంది. 1973లో వచ్చిన ఒక అధ్యయనంలో 64-73 ఏళ్ల ఆరోగ్యవంతులైన మగవాళ్లలో ఇది యువకుల్లో ఉన్నదానికన్నా చాలా తక్కువగా ఉంది. గుండె వేగం కూడా అంతగా పెరగలేదు. ఊపిరితిత్తులు బాగున్నవాళ్ల సంగతే ఇది! సీఓపీడీలో మెదడు ఇంకా శ్వాస తీసుకోమన్నా, పాడైన ఊపిరితిత్తులు అంత గాలి ఆడించలేవు. పైగా ఆక్సిజన్ తక్కువైన చోట ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఏళ్ల తరబడి అలాగే ఉంటే గుండె కుడివైపు భారం పడి పాదాలు వాస్తాయి. వాపు ఉందేమో ఇవాళే చూడండి.

ఇంట్లో కాన్సన్‌ట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం) ఉంటే టెన్షన్‌లో ఫ్లో పెంచేసి 98 తెప్పించకండి. నాకు అన్నిటికన్నా భయం ఇక్కడే. కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ప్రమాదం ఉన్న సీఓపీడీ వాళ్లకు సాధారణంగా పెట్టే లక్ష్యం 88-92. అవసరానికి మించి ఆక్సిజన్ ఇస్తే, గాలి సరిగా ఆడని భాగాలకు కూడా రక్తం మళ్లుతుంది, హిమోగ్లోబిన్ మోస్తున్న కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది, దాంతో అది రక్తంలో పేరుకుంటుంది. ఆక్సిజన్ ఎక్కువైతే మెదడు శ్వాస ఆపేస్తుందని చాలామంది చెబుతారు కానీ, అసలు కారణంలో అది కొంత భాగమే. పొద్దున్నే తలనొప్పి, మగత ఉంటే ఏబీజీ పరీక్ష (ధమని రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలిచేది) గురించి అడగండి, మీటర్ కార్బన్ డయాక్సైడ్‌ను చూపించదు. నిద్రమాత్రలు సొంతంగా ఇవ్వొద్దు.

జబ్బు నిలకడగా ఉన్న రోజుల్లో కూర్చుని ఉన్నప్పుడే 88 లేదా అంతకన్నా తక్కువ వస్తుంటే, రోజుకు కనీసం 15 గంటల ఆక్సిజన్ అవసరమేమో డాక్టర్ పరీక్షించి చెబుతారు. నడిచాక ఎంతుందో కూడా రాసిపెట్టి చూపించండి.

పెదవులు నీలంగా మారినా, మాట తడబడినా, లేపితే సరిగా లేవకపోయినా ఫోన్లతో ఆలస్యం చేయకుండా అంబులెన్స్ పిలవండి. ఎక్కించగానే సీఓపీడీ అని, డాక్టర్ ఇచ్చిన లక్ష్యం ఇంతని సిబ్బందికి మీరే చెప్పండి.