రాడార్ ఫైళ్లు కలిపే పని కూడా ఒక కెరీరేనా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ డిగ్రీ మూడో ఏడాదిలో ఉంది. ఏడాదిగా వాతావరణ రాడార్ల డేటా డౌన్‌లోడ్ చేసుకుని, నాలుగైదు రాడార్లవి కలిపి ఒకే మ్యాప్ తయారుచేస్తోంది. ఆ ఫైళ్లను ఈ ఫార్మాట్ నుంచి ఆ ఫార్మాట్‌కు మారుస్తూ రాత్రిళ్లు కూర్చుంటోంది. ఇదే నా దారి అంటోంది. తోటి పిల్లలంతా ఏఐ అంటుంటే ఈ ఫైళ్లు మార్చే పనేమిటని మాకు టెన్షన్‌గా ఉంది. దీనికి భవిష్యత్తు ఉందా?

జవాబు: ‘ఫైళ్లు మార్చే పని’ అన్నారు కదా, ముందు ఆ మాట గురించే చెప్పాలి. మీ అమ్మాయి చేస్తున్నది ఏమిటో తెలిస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. మిగతా సగం గురించి తర్వాత నిజమే చెబుతాను.

ఒక వాతావరణ రాడార్ సుమారు 250 కిలోమీటర్ల దాకా చూస్తుంది. కానీ దాని కిరణం నేలను అంటిపెట్టుకుని పోదు. అర డిగ్రీ పైకెత్తి పంపితే, భూమి వంపు కూడా తోడై, 100 కిలోమీటర్ల దగ్గర నేలకు దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున, 200 దగ్గర నాలుగు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ కింద ఏం జరుగుతోందో దానికి తెలియదు. మధ్యలో కొండ ఉంటే అవతల కుండపోత కురుస్తున్నా ఖాళీగానే కనిపిస్తుంది. అందుకే పక్క రాడార్ చూపు కూడా కలుపుకోవాలి. అలా కలిపిన మ్యాపునే కాంపోజిట్ అంటారు.

చిక్కంతా రెండు రాడార్లూ చూసిన చోటే వస్తుంది. ఎవరి మాట నమ్మాలి? రెండింట్లో పెద్ద విలువ తీసుకుంటే పక్షుల గుంపులూ, గాలిమరలూ కూడా వానలా మ్యాపులోకి ఎక్కేస్తాయి. దగ్గరి రాడార్‌నే నమ్ముదామంటే, కొండ అడ్డున్నది దానికే కావచ్చు. సగటు తీద్దామా? వాన చినుకులకు తగిలి తిరిగొచ్చిన సంకేతం బలాన్ని చెప్పే రాడార్ కొలత డీబీజెడ్. అది లాగరిథమ్ లెక్క, అంటే పది పెరిగితే బలం పదింతలవుతుంది. ఒక రాడార్ 20, ఇంకోటి 40 చూపిస్తే మామూలు సగటు 30. అదే విలువలను లాగరిథమ్ నుంచి విప్పి, 100కూ 10,000కూ సగటు తీసి, మళ్లీ డీబీజెడ్‌కు మారిస్తే 37. ఈ కొలతను వానగా మార్చే మార్షల్-పామర్ సూత్రం ప్రకారం 30 అంటే గంటకు 2.7 మిల్లీమీటర్ల వాన, 37 అంటే 7.5. ఒక్క లైను కోడ్‌లో పొరపాటు చేస్తే వాన మూడోవంతుకు పడిపోయిందన్నమాట. పైగా రెండు రాడార్లూ ఒకే క్షణంలో చూడవు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే తుపాను మేఘం ఐదు నిమిషాల్లో ఐదు కిలోమీటర్లు జరిగిపోతుంది. సమయం సరిచూసుకోకపోతే ఒకే మేఘం మ్యాపులో రెండుగా కనబడుతుంది.

ఇక ఫార్మాట్లు. రాడార్ తయారీ కంపెనీలు ఎవరి ఫార్మాట్ వాళ్లు పెట్టుకున్నారు. యూరప్ వాతావరణ సంస్థలు ఒపెరా అనే కార్యక్రమం కింద కూడబలుక్కుని, హెచ్‌డీఎఫ్5 అనే ఫైల్ రకం మీద ఓడిమ్ అనే ఉమ్మడి పద్ధతి తెచ్చుకున్నాయి. అమెరికాలో నెట్‌సీడీఎఫ్ అనే మరో ఫైల్ రకం మీద సీఎఫ్‌రేడియల్ అనే పద్ధతి వచ్చింది. ప్రపంచ వాతావరణ సంస్థ ఎఫ్‌ఎం 301 ప్రమాణం కూడా దాని ఆధారంగా వచ్చిందే.

ఓడిమ్‌లో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఫైల్లో ఉండేవి ఉత్త అంకెలు. 144 అని ఉంటే, దాన్ని 0.5తో గుణించి 32 తీసేయమని పక్కనే రాసి ఉంటుంది, అప్పుడది 40 డీబీజెడ్. దాంతోపాటు రెండు ప్రత్యేకమైన అంకెలు ఉంటాయి. ఒకటి ‘అన్‌డిటెక్ట్’: చూశాను, ఏమీ లేదు. రెండోది ‘నోడేటా’: నేను చూడనే లేదు. ఈ రెండింటినీ సున్నా చేసేసి పంచుకునేవాళ్లు కొల్లలు. రాడార్ మరమ్మతుకని ఆగినప్పుడు ఆ సున్నాలను వరద అంచనా వేసేవాళ్లు తీసుకున్నారనుకోండి, వాళ్ల లెక్కలో ఆ నది పరీవాహకంలో చుక్క కూడా పడనట్టే. మీరు ఫైళ్లు మార్చడం అంటున్నది దీన్నే.

ఏఐ సంగతి కూడా అడిగారు. 2021లో గూగుల్‌కు చెందిన ఏఐ సంస్థ డీప్‌మైండ్, బ్రిటన్ వాతావరణ సంస్థ మెట్ ఆఫీస్ కలిసి వచ్చే గంటన్నర వానను ముందే చెప్పే మోడల్‌ను ప్రచురించాయి. దానికి మేత వేసింది బ్రిటన్ రాడార్ కాంపోజిట్లే. మేత పాడైతే మోడలూ పాడే.

ఇప్పుడు మిగతా సగం. పేరులో ‘రాడార్’ ఉన్న ఉద్యోగాలు తక్కువ. వాతావరణ సంస్థలు, వరద అంచనా కేంద్రాలు, విమానయానం, విద్యుత్తు, బీమా, రాడార్ తయారీ కంపెనీలు ఇలాంటివాళ్లను తీసుకుంటాయి కానీ, ప్రకటనలో డేటా ఇంజినీర్ అనో రిమోట్ సెన్సింగ్ (దూరం నుంచే కొలిచే విద్య) సైంటిస్ట్ అనో ఉంటుంది. ప్రభుత్వ సంస్థల్లో నియామకాలు నత్తనడక. కాబట్టి వెబ్ డెవలప్‌మెంట్ చేసేవాళ్లకు దొరికినంత త్వరగా దొరకకపోవచ్చు. అయితే చేతికొచ్చిన పని వృథా పోదు. ఉపగ్రహ చిత్రాలకూ, మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌కూ ఇదే నైపుణ్యం కావాలి. తను కోడ్ దగ్గరే ఆగిపోతేనే ఇబ్బంది. మేఘాల భౌతికశాస్త్రం రాకపోతే తన మ్యాపులో ఏది తప్పో తనకే తెలియదు. పీజీకి వాతావరణ శాస్త్రంగానీ రిమోట్ సెన్సింగ్‌గానీ తీసుకోమనండి. డిగ్రీలో కంప్యూటర్ చదివింది కాబట్టి మళ్లీ అదే వద్దు.

ఈలోగా ఒక పని చేయమనండి. అమెరికా నెక్స్‌రాడ్ రాడార్ల పాత డేటా 2015 నుంచి క్లౌడ్‌లో అందరికీ ఉచితంగా దొరుకుతోంది. పక్కపక్కనున్న రెండు రాడార్లు, రెండూ చూసిన ఒక్క తుపాను తీసుకుని, రాడార్ డేటా కోసమే ఉన్న పై-ఆర్ట్, వ్రాడ్‌లిబ్ అనే సాఫ్ట్‌వేర్లలో ఏదో ఒకదాంతో కాంపోజిట్ చేయమనండి. నాలుగైదు ఎందుకు, రెండు చాలు. దాన్ని ఓడిమ్‌లోనో నెట్‌సీడీఎఫ్‌లోనో దాచి, సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాసి, ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని మ్యాపుగా పరిచిన పద్ధతి), యూనిట్లు, లైసెన్స్ అన్నీ ఫైల్లోనే పెట్టి, వేరే సాఫ్ట్‌వేర్ వాడే స్నేహితురాలికి పంపమనండి. ఆ అమ్మాయి ఫోన్ చేసి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఆ ఫైల్ తెరిచి వాన ఎంతో చెప్పగలిగితే పని కుదిరినట్టే. అడిగితే, ఆ ప్రశ్నకు జవాబే ఫైల్లో రాయడం మరిచిందన్నమాట.

మీరూ ఒక ప్రశ్న అడగొచ్చు, సైన్స్ తెలియకపోయినా ఫర్వాలేదు: ‘రాడార్ చూడని చోటు నీ మ్యాపులో ఏ రంగులో ఉందమ్మా?’ వేలు పెట్టి చూపించిందా, ఇంకో రెండేళ్లు తన మానాన తనను వదిలేయండి.