చారల టోపీయా, తలగుడ్డా?

ప్రశ్న: మా బాబుకి స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ ఉంది. రైలింజను డ్రైవర్ వేషం వేద్దామని ఆన్‌లైన్‌లో చూస్తే అన్నీ నీలం చారల టోపీ, చారల ఓవరాల్స్, మెడలో ఎర్ర రుమాలే. మా మామగారు బొగ్గింజన్ల మీద ఫైర్‌మన్‌గా, అంటే కొలిమిలో బొగ్గు వేసే పని, చేశారు. ‘ఆయన ఏనాడూ అలాంటి టోపీ పెట్టలేదు’ అంటారు మా అత్తగారు. పోటీ ఎల్లుండే, ఒకటే టెన్షన్. ఏది కరెక్టు?
- ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: మీ అత్తగారిదే రైటు. మీరు చూసిన చారల వేషం అమెరికా వాళ్లది. అక్కడ గట్టి నూలు బట్టని నీలం, తెలుపు సన్నచారలతో నేసేవారు, మసి పడినా అంతగా కనబడదని. టోపీకీ ఓ కథ ఉంది. విస్కాన్సిన్‌లో జార్జ్ ‘స్టార్మీ’ క్రోమర్ అనే ఇంజను డ్రైవర్ టోపీలు గాలికి ఎగిరిపోతుంటే, 1903లో ఆయన భార్య ఐడా పాత బేస్‌బాల్ టోపీకి చెవులు కప్పే పట్టీ కలిపి కుట్టిచ్చిందట. అక్కడి చలికి చెవులు కప్పుకోవాలి. మన గోదావరి జిల్లాల ఉక్కలో, పైగా ఎదురుగా కొలిమి మండుతుంటే, చెవులకి పట్టీ ఎవడు కట్టుకుంటాడండీ!

మనవాళ్లది నీలం నూలు చొక్కా, ప్యాంటు, తలకో గుడ్డ. నూలే ఎందుకంటే నిప్పురవ్వ పడితే చిన్న చిల్లు పడి ఊరుకుంటుంది, అదే టెరిలిన్ (పాలిస్టర్) అయితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. తలగుడ్డ, మెడ రుమాలు ఉంటే రాక్షసిబొగ్గు నలుసు కాలర్ లోపలికి పోదు, చెమటా తుడుచుకోవచ్చు. హేవలాక్ వంతెన మీద బొగ్గింజను బండిలో వెళ్తూ, గోదారి తల్లికి చిల్లర వేద్దామని కిటికీలోంచి తల బయటపెట్టి కంట్లో నలుసు పడి ఏడ్చినవాళ్లకి (నేనూ ఒకణ్ణి) ఆ గుడ్డ విలువ వేరే చెప్పక్కర్లేదు. 1900 నుంచి 1997 దాకా ఆ వంతెన మీద బళ్లు నడిచాయి.

కాబట్టి ఖర్చేమీ లేదు. పాత నీలం చొక్కా, తలకి తువ్వాలు, చేతిలో అట్టతో చేసిన పార, బుగ్గలకి కాస్త కాటుక. జేబులోంచి కాటన్ వేస్ట్, అదే మెకానిక్ షెడ్డులో చేతులు తుడుచుకునే నూలు పీచు, కొంచెం వేలాడితే ఇంకా బావుంటుంది.

పిల్లాడు మసి పూసుకోనని పేచీ పెడితే గార్డుని చేసేయండి. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, విజిల్, ఎర్ర జెండా, పచ్చ జెండా. 2022 నుంచి గార్డుని ట్రైన్ మేనేజర్ అంటున్నారు, స్టేజీ మీద ఆ పేరే చెప్పించండి, జడ్జీలు మెచ్చుకుంటారు. కంగారులో ఎర్రజెండా మర్చిపోయాడే అనుకోండి, రెండు చేతులూ తలపైకి ఎత్తి నిలబడమనండి. రైల్వే రూల్సులో దానర్థం కూడా ‘బండి ఆపు’ అనే.