తాబేలు డల్‌గా ఉంది, మేకల ఇంజెక్షన్ వేయొచ్చా?

ప్రశ్న: సార్ నమస్తే, మాది మదనపల్లె దగ్గర పల్లె, టమాటా వేస్తాం, మేకలు కూడా ఉన్నాయి. వానలప్పుడు వేరుశనగ చేను గట్టు మీద వీపు మీద పసుపు గీతలున్న తాబేలు దొరికితే మా పాప ఇంటికి తెచ్చుకుంది, అరచెయ్యంత ఉంటుంది. ప్లాస్టిక్ టబ్బులో పెట్టి అన్నం, పాలు, టమాటా ముక్కలు, పొలం గడ్డి వేస్తున్నాం. పది రోజుల్నుంచి తల బయటికి పెట్టట్లేదు, ఏమీ తినట్లేదు, కళ్ళు మూసుకునే ఉంటుంది. చలికాలం కదా నిద్రపోతోందిలే అంటున్నారు ఇంట్లో. కడుపులో పురుగులేమో అని నాకు డౌటు, మేకలకేసే పురుగుల ఇంజెక్షన్ దీనికి ఎంత వెయ్యాలి?

జవాబు: అన్నా, ముందు ఆ ఇంజెక్షన్ పక్కన పెట్టెయ్యండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. మేకలకి గొర్రెలకి మనోళ్ళు వేయించే పురుగుల ఇంజెక్షన్ చాలావరకు ఐవర్‌మెక్టినే, అది తాబేలుకి పడదు, పడకపోవడం అంటే ఏదో కొంచెం నీరసం వస్తుందని కాదు, కాళ్ళు మెడ చచ్చుబడిపోయి ఊపిరి తీసుకోలేక చచ్చిపోతుంది, విరుగుడు కూడా లేదు. కొంచెమే వేద్దాం అని కూడా అనుకోవద్దు.

ఇక నిద్ర సంగతి. మీరు చెప్పినదాన్ని బట్టి అది నక్షత్ర తాబేలు. చలి దేశాల్లో కొన్ని రకాల తాబేళ్ళు నెలల తరబడి మట్టిలో దూరి పడుకుంటాయి గానీ మన నక్షత్ర తాబేలుకి ఆ అలవాటు లేదు, చలికి కొంచెం మందగిస్తుంది, మరీ ఎండలకి కూడా ఏ పొద కిందో కదలకుండా ఉంటుంది, వాన పడితే హుషారవుతుంది, అంతే. పది రోజులు తిండి మానేసి కళ్ళు తెరవట్లేదంటే అది నిద్ర కాదు జబ్బు.

చలి మొదటి కారణం అయ్యుండొచ్చు. మీ ఊళ్ళో డిసెంబర్ రాత్రి ఎట్లా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు, తాబేలుకి సొంతంగా ఒంట్లో వేడి పుట్టదు, బయట ఎంతుంటే లోపల అంతే, బండల మీద పెట్టిన టబ్బులో రాత్రంతా ఉంటే అరుగుదల ఆగిపోతుంది, తిన్నది లోపలే కుళ్ళుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు నోరు తెరిచి తిండి కుక్కొద్దు. ముందు వేడి, తర్వాత నీళ్ళు, ఆ తర్వాతే తిండి.

కోడిపిల్లలకి బల్బు పెడతారు చూడండి, అట్లాగే ఒక పెద్ద అట్టపెట్టెలో ఓ మూలకి పాత రకం 60 వాట్ల బల్బు పెట్టండి (ఎల్‌ఈడీ అయితే వేడి రాదు), పెట్టెకి తగలకుండా ఎత్తులో కట్టండి, బల్బు వైపు 30 డిగ్రీల దాకా ఉండాలి, రెండో వైపు బల్బు లేకుండా వదిలేయండి, వేడెక్కువైతే అదే పక్కకి జరుగుతుంది. ఓ గంటన్నా వేడి తగిలాక గోరువెచ్చని నీళ్ళు వెడల్పాటి పళ్ళెంలో పోసి దాన్ని 15, 20 నిమిషాలు కూర్చోబెట్టండి, నీళ్ళు గడ్డం కిందకే ఉండాలి, నీరసంగా ఉంది కాబట్టి తల వాల్చేస్తే మునుగుతుంది, పక్కనే ఉండి చూడండి. తెల్లగా మెత్తగా పేస్టులాంటిది పోస్తే భయపడొద్దు, మామూలే. ఇసక రేణువుల్లా గట్టిగా ఉంటే మాత్రం నీళ్ళు బాగా తగ్గినట్టు. కళ్ళు లోపలికి పోయి, చేతిలోకి తీసుకుంటే ఉత్త డొప్పలా తేలిగ్గా అనిపించినా అంతే.

ముక్కులోంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీసుకోవడం, మెడ పైకి చాచడం, వీటిల్లో ఏది కనిపించినా ఊపిరితిత్తులకి నిమ్ము చేరిందని అర్థం, అప్పుడు ఒక్క రోజు కూడా ఆగకూడదు ఎందుకంటే మనలా గట్టిగా దగ్గి కఫం బయటికి తోసెయ్యడం తాబేలుకి చేతకాదు. దీనికి యాంటీబయాటిక్ కావాలి, తాబేళ్ళ గురించి తెలిసిన డాక్టరే వెయ్యాలి, వెనక కాళ్ళ రక్తం ముందు కిడ్నీల మీదుగా పోతుంది కాబట్టి వాళ్ళు సాధారణంగా ముందు కాలికే ఇంజెక్షన్ ఇస్తారు. ఊళ్ళో మేకలకి సూది వేసే అబ్బాయి చేత ఈ పని చేయించొద్దు.

తిండి కూడా సరిగా లేదన్నా. పాలు దానికి అరగవు, అన్నం వద్దు, టమాటా ఎప్పుడో ఓ ముక్క పర్లేదు గానీ టమాటా ఆకు అసలొద్దు. గరిక, మందార ఆకులు పూలు, ముళ్ళు తీసిన నాగజెముడు, కొంచెం మునగాకు, ఇవీ దానికి సరిపోయేవి. ఇంట్లోనే ఉంచితే ఎండ లేక, కాల్షియం లేక డొప్ప మెత్తబడుతుంది, కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ సరిపోదు. వేలితో మెల్లగా నొక్కి చూడండి, ఈ సైజుకి గట్టిగా ఉండాలి.

ఇంకోటి, ఇదంతా ఒకటి రెండు రోజుల కోసమే చెప్తున్నా. నక్షత్ర తాబేలుని ఇంట్లో పెంచకూడదు, వన్యప్రాణి చట్టంలో 2022 సవరణ తర్వాత అది షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది, 3 నుంచి 7 ఏళ్ళ జైలు, కనీసం 25,000 జరిమానా పడే వరుసలో. మీరు కొనలేదు అమ్మలేదు, పాప ముచ్చటపడి తెచ్చుకుంది, నాకర్థమైంది, ఇంట్లో తాబేలుంటే కలిసొస్తుందని డబ్బులిచ్చి కొనేవాళ్ళతో మిమ్మల్ని కలపట్లేదు. కానీ దాచుకునే కొద్దీ ఇబ్బంది మీకే. దగ్గర్లోని ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకి ఫోన్ చేసి దొరికింది, బాలేదు, అప్పజెప్తాం అని చెప్పండి, తిరుపతిలో వెటర్నరీ కాలేజీ, ఎస్వీ జూ రెండూ ఉన్నాయి కాబట్టి వాళ్ళకి వైద్యం చేయించే దారి ఉంటుంది. దొరికిన గట్టు మీదే వదిలేద్దాం అని మాత్రం ఈ చలిలో అనుకోవద్దు, ఆ నీరసంతో బతకదు.

పాపకి చెప్పండి, దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సాల్మొనెల్లా అనే విరేచనాలు, జ్వరం తెప్పించే బ్యాక్టీరియా అంటుకోవచ్చు, ఆ టబ్బు వంటింట్లో కడగొద్దు. అప్పజెప్పేటప్పుడు ఒక్క మాట మర్చిపోవద్దు: పొలం గడ్డి వేశామన్నారు కదా, దాని పక్క చేలో ఈమధ్య మందు కొట్టుంటే ఏ మందు, ఎప్పుడు కొట్టారు అనేది చెప్పండి, డబ్బా లేబుల్ ఫోన్లో ఫొటో తీసుకెళ్తే ఇంకా మంచిది, నీరసం చలి వల్లా విషం వల్లా అని తేల్చుకోవడానికి డాక్టర్ ముందు అదే అడుగుతాడు.