కుండీలో కరివేపాకు, కోటలో తులసి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం కరివేపాకు గురించే ఉన్నందువల్ల ఆ ప్రశ్నకు కాస్త విపులంగా జవాబు ఇస్తున్నాము.

ప్రశ్న: మూడేళ్ల క్రితం నర్సరీ నుంచి తెచ్చి డాబా మీద 12 అంగుళాల కుండీలో నాటిన కరివేపాకు మొదటి రెండేళ్లు బాగా ఎదిగింది. ఇప్పుడు కొత్తగా వచ్చే చిగుళ్లన్నీ పసుపు రంగులో వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటున్నాయి. మాకున్నవి బోరు నీళ్లే. పుల్ల మజ్జిగ పోయమని అందరూ చెబుతున్నారు. పోస్తూనే ఉన్నాను, మార్పు లేదు.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఈనెలు పచ్చగా ఉన్న సంగతి గమనించి రాసినందుకు సంతోషం, ఎందుకంటే ఆకు పసుపెక్కిందని మాత్రమే రాసి ఉంటే కారణం చెప్పడం కష్టమయ్యేది. ముదురాకులు ముందుగా పసుపెక్కి రాలిపోతుంటే అది సాధారణంగా నత్రజని కొరత. లేత చిగురులో ఈనెలు పచ్చగా నిలిచి, వాటి మధ్య భాగం పాలిపోతుంటే అది ఇనుము లోపం. ముదురాకులో ఒకసారి చేరిన ఇనుమును మొక్క వెనక్కి తీసి చిగురుకు అందించలేదు, అందుకే ఈ లోపం ఎప్పుడూ చిగుళ్లలోనే ముందు బయటపడుతుంది.

మీ కుండీ మట్టిలో ఇనుము లేదని దీని అర్థం కాదు. కుండీ అంచును, అడుగు రంధ్రం చుట్టుపక్కలను ఒకసారి గోటితో గీకి చూడండి. సుద్దపొడిలాంటి తెల్లటి పొర రాలితే, బోరు నీటిలోని సున్నపు లవణాలు మూడేళ్లుగా అక్కడ పేరుకుంటున్నాయన్నమాట. ఆ లవణాల వల్ల మట్టి క్షారగుణానికి తిరిగినప్పుడు అందులోని ఇనుము నీటిలో కరగని రూపంలోకి మారిపోతుంది, కాబట్టి వేరు పక్కనే ఉన్నా వేరుకు అందదు.

పుల్ల మజ్జిగ విషయంలో పెద్దవాళ్ల మాట తప్పు కాదు. అందులోని ఆమ్లం వల్ల వేరు చుట్టూ ఉన్న మట్టి కొద్దిసేపు పులుపెక్కి కొంత ఇనుము కరుగుతుంది. కాని మర్నాడు మళ్లీ ఒక చెంబు బోరు నీళ్లు పోయగానే ఆ మేలు కాస్తా పోతుంది. పైగా వెన్న తీయని చిక్కటి మజ్జిగ పోస్తే మట్టి మీద జిడ్డు పేరుకుని చీమలు చేరతాయి. పోయదలిస్తే ఉప్పు కలపని పలుచటి మజ్జిగను ఒక గ్లాసుకు పది గ్లాసుల నీళ్లు చేర్చి, నెలకు రెండుసార్లకు మించకుండా పోయండి. దాని మీదే ఆధారపడవద్దు.

అసలు చికిత్స మూడు పనులలో ఉంది. తక్షణ ఉపశమనానికి లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. వారం పది రోజుల వ్యవధితో రెండు మూడుసార్లు చేస్తే కొత్త చిగురు పచ్చబడుతుంది. ఈ ద్రావణాన్ని ఎప్పటికప్పుడు తాజాగా కలుపుకోవాలి, పిచికారీ చేసిన పది రోజుల దాకా ఆకు కోయకూడదు, ఆ తరువాత కూడా బాగా కడిగి వాడుకోవాలి. రెండవది కుండీ మార్చడం. మూడేళ్లలో వేళ్లు కుండీ గోడ చుట్టూ చాపలాగా అల్లుకుని ఉంటాయి. చలి తగ్గిన ఫిబ్రవరి నెలాఖరున గాని, తొలకరి పడ్డాక గాని మొక్కను తీసి, అంచు వేళ్లను కొద్దిగా కత్తిరించి, 18 అంగుళాల కుండీలో కొత్త ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక కలిపి నాటండి. మూడవది నీరు. వాన నీటిని గాని, ఏసీ నుంచి కారే నీటిని గాని పట్టి ఉంచి, కనీసం వారానికి రెండుసార్లు అవే పోయండి. మంచినీళ్ల ఫిల్టరు నుంచి బయటికి పోయే వృథా నీటిని మాత్రం ఈ మొక్కకు పోయవద్దు. పొదుపు చేస్తున్నామన్న మంచి ఉద్దేశంతో చాలామంది ఆ నీటినే మొక్కలకు మళ్లిస్తున్నారు గాని, అందులో లవణాలు బోరు నీటిలో కంటే ఎక్కువగా ఉంటాయి.

ఇంకొక్క మాట. కరివేపాకును రెబ్బలు దూసుకోకుండా, కొమ్మ కొసను నాలుగైదు రెబ్బలతో సహా తుంచండి. తుంచిన చోటు కింద నుంచి పక్క చిగుళ్లు వచ్చి మొక్క గుబురవుతుంది. కొసను వదిలేసి కింది రెబ్బలు దూసుకుంటూ పోతే, తలపై మాత్రం ఆకులున్న పొడవాటి కర్ర మిగులుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలోని డల్లాస్‌లో ఉంటుంది. వచ్చే నెల వెళ్లేటప్పుడు మా పెరటి కరివేపాకు పిలక ఒకటి తడిగుడ్డలో చుట్టి తీసుకువెళ్లవచ్చా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: తీసుకువెళ్లకండి. పిలకనే కాదు, పచ్చి ఆకును కూడా అక్కడి విమానాశ్రయంలో అనుమతించరు. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసే సిల్లిడ్ అనే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఫ్లోరిడాలో 2005లో ఆ తెగులు బయటపడిన తరువాత అక్కడి నారింజ రైతులు ఎంతగానో నష్టపోయారు. నిమ్మ జాతి తోటలున్న టెక్సస్‌లోనూ ఈ మొక్కను ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి తరలించడం మీద ఆంక్షలు ఉన్నాయి కనుక, స్థానికంగా అనుమతి ఉన్న నర్సరీలో కొనుక్కోమని అమ్మాయికి చెప్పండి. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు చేరువవుతున్నప్పుడు కుండీని ఇంట్లోకి తేవాలి. చలికాలంలో ఆకు రాలినా కంగారుపడి నీళ్లు ఎక్కువ పోయకూడదు, వసంతం రాగానే మళ్లీ చిగురిస్తుంది.

ప్రశ్న: మా తులసి కోటలో మొక్క ఏటా కార్తీకం దాటగానే ఎండిపోతోంది. ఇంటికి అరిష్టమేమోనని మా అత్తగారు బాధపడుతున్నారు.
– ఒక గృహిణి, నల్గొండ

జవాబు: మీ అత్తగారిని నిశ్చింతగా ఉండమనండి. వెన్నులు వేసి, గింజ ముదిరిందంటే తులసి తన పని పూర్తయినట్టే మెల్లగా ఎండుముఖం పడుతుంది. దానికి డిసెంబరు చలి తోడవుతుంది. దీనికి మన భక్తి కూడా కొంత కారణమని చెప్పక తప్పదు. మట్టి తడిగానే ఉన్నా ప్రతి ఉదయం నిండు చెంబు పోయడం, పసుపు కుంకుమలు కాండం మొదట్లోనే చల్లడం, నైవేద్యం పాలు అక్కడే వంపడం, ద్వాదశి దీపాలను కాండానికి ఆనించి పెట్టడం వల్ల వేరు కుళ్లుతుంది, బెరడు మాడుతుంది. పసుపు కుంకుమలు కోట గోడకు పెట్టండి, దీపం గూటిలో ఉంచండి, మట్టి తడిగా ఉన్న రోజున ఉద్ధరిణెడు నీటితో సరిపెట్టండి. వెన్నులు లేతగా ఉన్నప్పుడే తుంచి పూజలో వాడుకోండి, ఒకటి రెండు మాత్రం విత్తనానికి వదలండి. ఆ గింజలు జూన్‌లో పక్క కుండీలో చల్లుకుంటే కోట ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

ప్రశ్న: పొరుగువారు ఇచ్చిన తిప్పతీగను గోడకు పాకించాను. షుగరు తగ్గుతుందని రోజూ కషాయం తాగమంటున్నారు. మంచిదేనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: పెంచడానికి దీనికంటే తేలికైన తీగ లేదు. వేలి లావు కాండం జానెడు ముక్క వానాకాలంలో గుచ్చితే చాలు. తాగే విషయంలో మాత్రం తొందరపడవద్దని కోరుతున్నాను. కరోనా కాలంలో తిప్పతీగ కషాయాలు వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. అదే పోలికలున్న వేరే జాతి తీగను పొరబడి వాడి ఉండవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభిప్రాయపడింది. ఆ రెండో జాతి ఆకు కూడా హృదయాకారంలోనే ఉంటుంది, కాని కాండం నిండా చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. మీ తీగ కాండాన్ని చేత్తో తడిమి చూడండి, ఆపైన ఆయుర్వేద వైద్యునికి ఒక ముక్క చూపించండి. సరైన తీగే అయినప్పటికీ, షుగరు మాత్రలు వేసుకునేవారు దీన్ని కూడా తాగితే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది కనుక, మీకు మందులు రాస్తున్న డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టవద్దు.

ప్రశ్న: మేము బజ్జీలు వేసుకునే వామాకు మొక్క ఎన్నేళ్లయినా వాము కాయడం లేదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అది వాము మొక్క కాదు. వాసన ఒకటే కావడం వల్ల ఆ పేరు వచ్చింది. మందపాటి నూగు ఆకులుండే మీ మొక్క తులసి కుటుంబానికి చెందినది, కొమ్మ గుచ్చితే వస్తుంది. వంటింటి వాము కొత్తిమీర కుటుంబానికి చెందిన, సన్నని ఆకులుండే మరో మొక్క గింజ. దాన్ని పండించాలనుకుంటే వాము గింజలనే అక్టోబరులో పలుచగా చల్లండి.