సబ్‌క్లోరైడ్ ఆఫ్ మెర్క్యురీ అంటే మెర్క్యురిక్ క్లోరైడేనా?

మీ తాతగారి పాత ఇంగ్లీషు మందుల పుస్తకాన్ని తెలుగు చేస్తూ, అందులోని 'సబ్‌క్లోరైడ్ ఆఫ్ మెర్క్యురీ'ని మెర్క్యురిక్ క్లోరైడ్ అని రాయొచ్చా అని అడిగారు. వద్దండి, దయచేసి అలా రాయకండి. అది కాలొమెల్, అంటే మెర్క్యురస్ క్లోరైడ్. మీరు రాయబోయేది దానికంటే చాలా తీవ్రమైన విషం.

ఒకే లోహం క్లోరిన్‌తో రెండు రకాలుగా కలిస్తే, క్లోరిన్ తక్కువున్నదాన్ని సబ్‌క్లోరైడ్ అనీ, ఎక్కువున్నదాన్ని పర్‌క్లోరైడ్ అనీ పిలిచేవారు. కాలొమెల్ బరువులో క్లోరిన్ సుమారు 15 శాతం, మెర్క్యురిక్ క్లోరైడ్‌లో 26 శాతం. బ్రిటన్ అధికారిక మందుల గ్రంథం బ్రిటిష్ ఫార్మకోపియా వీటిని హైడ్రార్జిరై సబ్‌క్లోరైడమ్, హైడ్రార్జిరై పర్‌క్లోరైడమ్ అంది. అమెరికా వాళ్ల పుస్తకంలోనైతే రెండూ క్లోరైడ్‌లే! ఒకదానికి 'మైల్డ్', ఇంకోదానికి 'కొరోసివ్' అని అర్థమిచ్చే లాటిన్ మాట తగిలించారు, అంతే. ఆ ఒక్క మాట జారిపోతే రోగి ప్రాణం పోయేది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. మా స్టాక్ రిజిస్టర్‌లో మెర్క్యురిక్ క్లోరైడ్ అని ఎక్కించిన సీసా ఒకటుండేది. సాల్ట్ ఎనాలిసిస్ ప్రాక్టికల్స్ కోసం ల్యాబ్ అసిస్టెంట్ అందులోంచి కాస్త పొడి తీసి నీళ్లలో వేశాడు. ఎంత కలిపినా కరగదు, వేడి చేసినా బీకరు అడుగున తెల్లగా అలాగే కూర్చుంది. మెర్క్యురిక్ క్లోరైడ్ అయితే కరగాలి కదా అని నాకు అనుమానం వచ్చి సీసా తిప్పి చూశాను. లేబుల్ సగం చెదలు తినేశాయి. మిగిలిన ముక్కలో 'హైడ్రార్జ్. సబ్‌క్లోర్.' అని ఉంది. వాచ్ గ్లాసులో చిటికెడు పొడి వేసి రెండు చుక్కల అమ్మోనియా పోశాను. క్షణంలో కాటుకలా నల్లబడింది. అసలైన మెర్క్యురిక్ క్లోరైడ్ అయితే తెల్లగానే ఉండేది. కాలొమెల్ అనే పేరు కూడా గ్రీకులో 'అందమైన నలుపు' అనే మాటల నుంచి వచ్చిందంటారు.

మా దగ్గర తప్పు ఇటువైపు జరిగింది కాబట్టి సరిపోయింది. అదే తిరగబడి, కాలొమెల్ అనుకున్న సీసాలో రెండోది ఉండుంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అలాగని కాలొమెల్ మంచిదని కాదు. బ్రిటన్‌లో పసిపిల్లలకు పళ్లొచ్చేటప్పుడు వాడే పొడుల్లో దీన్ని కలిపేవారు. దానివల్ల కాళ్లూ చేతులూ ఎర్రబడి, పిల్లలు తీవ్రంగా బాధపడే 'పింక్ డిసీజ్' వచ్చేది. 1950లలో ఆ పొడులు మార్కెట్లోంచి పోయాక జబ్బూ తగ్గిపోయింది.

మెర్క్యురస్ క్లోరైడ్‌ని ఇప్పుడు మనం మెర్క్యురీ(I) క్లోరైడ్ అంటాం. ఇలా లోహం పేరు పక్కన బ్రాకెట్లో రోమన్ అంకె వేసే పద్ధతి జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ స్టాక్ 1919లో ప్రతిపాదించినది. పాదరసం ఆవిరి వల్ల ఏళ్ల తరబడి జబ్బుపడి, 1926లో దాని ప్రమాదం గురించి లోకాన్ని హెచ్చరించింది కూడా ఆయనే. మీ అనువాదంలో 'సబ్‌క్లోరైడ్' అనే మాట ఉంచి, పక్కనే మెర్క్యురీ(I) క్లోరైడ్, కాలొమెల్ అని రాయండి.

పుస్తకంతో పాటు పాత సీసాలు కూడా ఉన్నాయన్నారు. వాటిని మూత తీయకుండా పక్కన పెట్టండి, సింకులో మాత్రం పారబోయకండి. వెలుతురు తగిలితే కాలొమెల్ మెల్లగా విడిపోయి పాదరసంగా, మెర్క్యురిక్ క్లోరైడ్‌గా మారుతుంది. లేబుల్ మీద సబ్‌క్లోరైడ్ అని సరిగ్గానే ఉన్నా, లోపలి పొడి బూడిదరంగుకు తిరిగిందంటే అందులో ఆ రెండోది కూడా చేరి ఉండొచ్చు.